ఎవరి మాట ముందు?

"మిషను వెనక్కి తీస్తావా, నన్ను తొక్కించుకుంటా పోతావా? ఏదో ఒకటి తేల్చు నాయనా. కాఫీ చల్లారిపోతంది."

అరుగు మీద బాసింపట్టు వేసుక్కూర్చున్న బ్రహ్మయ్య ఆ మాట అన్నది జేసీబీ డ్రైవరుతో. డ్రైవరు ఇంజను ఆపి తల గోక్కున్నాడు. బండలు లేపాలని చెప్పి అతన్ని పంపినవాళ్ళు, ఆ బండల మీద డెబ్భై దాటిన పెద్దమనిషి కాఫీ గ్లాసుతో కూర్చుని ఉంటాడని చెప్పలేదు పాపం.

కొట్టు గుమ్మంలో నిలబడ్డ రాజ్యలక్ష్మికి నవ్వు రావాల్సిన చోట ఒళ్ళు మండుకొచ్చింది. మామగారు ఇంటి పరువు కాపాడుతున్నాడో, తనను నలుగురిలో అబద్ధాలకోరును చేస్తున్నాడో ఆమెకు అంతుపట్టలేదు. నామినేషన్ వేసిన రోజు నుంచి ఆయన కోడలితో మాట్లాడటం మానేశాడు. కూర బాగుంటే మారు వడ్డించుకుంటున్నాడు, బాగాలేకపోతే కంచంలో వదిలేస్తున్నాడు. ఇద్దరి మధ్యా ఇప్పుడు నడుస్తున్న సంభాషణ అంతే.

బజారు బజారంతా బయటికొచ్చింది. నరసరావుపేటలో పొద్దున్నే కొట్టు తెరిచి దీపం పెట్టకుండా వర్తకులు రోడ్డు మీద నిలబడ్డారంటే ఎవరో పోయినట్టు లెక్క. ఇవాళ ఎవరూ పోలేదు. అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లు ఉన్నాయి, అన్నీ ఈ గుమ్మం వైపే తిరిగి ఉన్నాయి.

"రాజ్యలక్ష్మిగారూ, నిన్న గట్టిగా చెప్పారు గదా! కానీయండి మరి!" అని ఎవడో వెనకనుంచి అరిచాడు. నలుగురు నవ్వారు.

నిజమే, నిన్న గట్టిగానే చెప్పింది. చర్చి బజారులో ప్రచారానికి వెళ్ళినప్పుడు ఆడవాళ్ళు ఆమెను చుట్టుముట్టి ఒకటే అడిగారు. "మీ బజారోళ్ళంతా సైడు కాలవ మీద బండలేసి అరుగులు కట్టుకుంటిరి. వానొస్తే ఆ నీళ్ళు కాలవలో పట్టక రోడ్డెక్కి మా ఇళ్ళల్లోకి వస్తన్నయ్. మీరు గెలిస్తే ఎవరి అరుగు తీస్తారమ్మా?" రాజ్యలక్ష్మి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ముందు మా అరుగే తీయిస్తా" అనేసింది. చప్పట్లు మోగాయి. ఎవరో వీడియో తీశారు. ఆ వీడియో ఆమె ఇంటికి వచ్చేలోపే ఊరంతా తిరిగి, పక్క కొట్టు కోటి ఫోన్లోకి కూడా చేరింది.

కోటి పరాయివాడైతే బాధ లేదు. రాజ్యలక్ష్మి ఆడపడుచు భర్త. అంటే బ్రహ్మయ్యకు సొంత అల్లుడు. స్టీలు సామాన్ల కొట్టు, వర్తక సంఘం ప్రెసిడెంటు గిరీ, ఇప్పుడు ఈ వార్డుకి కౌన్సిలర్ కావాలన్న కోరిక. మిగతావాళ్ళందరినీ బతిమాలో భయపెట్టో తప్పించాడు. బరిలో మిగిలింది రాజ్యలక్ష్మి ఒక్కతే. ఇవాళ మూడింటిలోగా ఆమె కూడా సంతకం పెట్టి తప్పుకుంటే ఎన్నిక లేకుండానే కోటి ఏకగ్రీవం. అందుకే పొద్దున్నే తన ఖర్చుతో జేసీబీ పంపించాడు. అరుగు తీయించలేక ఈమె వెనక్కి తగ్గుతుంది, ఆ వీడియో కూడా ఊరు చూస్తుంది, ఆపైన ఏ మొహంతో నిలబడుతుందని అతని లెక్క.

"లోపలికి రా," అన్నాడు భర్త పాండురంగారావు, పళ్ళ మధ్య నుంచి.

కొట్టులో మోకులు, పగ్గాలు, మిరపకాయలకు పోసే గోతాలు, కల్లాల మీద కప్పే పట్టాలు. ఆ పట్టాల దొంతర చాటున నిలబడి ఇద్దరూ గొంతులు తగ్గించి పోట్లాడుకున్నారు. గొంతు తగ్గించి పోట్లాడటం ఆ ఇంట్లో అందరికీ అలవాటే. ముందు కొట్టు, వెనక ఇల్లు. వంటింట్లో అరిస్తే రైతులకు వినబడుతుంది.

"ఎవర్ని అడిగి అన్నావా మాట?"

"అడిగితే ఒప్పుకునేవాళ్ళా?"

"ఒప్పుకోనని తెలిసే అన్నావన్నమాట. ఆ అరుగేమన్నా నీ పుట్టింటోళ్ళు పెట్టిందా?"

"కాలవ మీద కట్టిందండీ అది. మా పుట్టింటోళ్ళదీ కాదు, మీదీ కాదు. మునిసిపాలిటీది."

"ఓహో! అప్పుడే కౌన్సిలర్ అయిపోయావే!"

రాజ్యలక్ష్మి జారిన పట్టా ఒకటి ఎత్తి దొంతర మీద సర్దింది. అది ఆయన్ని ఇంకా రెచ్చగొట్టింది.

"కొట్టు మీద కూర్చునేవాడికి పార్టీ ఉండకూడదు, పగా ఉండకూడదు. అటు ముప్పాళ్ళ నుంచి ఇటు కారంపూడి దాకా ఏ రైతొచ్చినా రండి కూర్చోండి అనాలి. నాన్న నాకు నేర్పింది అది. నువ్వేమో పొద్దున లేస్తే ఎవరో ఒకరి మీద పంచాయితీ."

"నేనే పార్టీ జెండా పట్టుకున్నానండీ? ఈ బజారులో వీధి దీపం ఆరిపోతే ఎవరి దగ్గరికొస్తారు? కుళాయిలో బురదనీళ్ళొస్తే సీసాలో పోసుకెళ్ళి కమిషనర్ బల్ల మీద పెట్టింది ఎవరు? అప్పుడు మీరే గదా కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయింది?"

"పని చేశావని మురిసిపోయా. అంతమాత్రాన..."

"అంతమాత్రాన పనికి రాజ్యలక్ష్మి, పదవికి మీ బావ. అంతేనా?"

పాండురంగారావు మోకు కొస ఒకటి చేతిలోకి తీసుకుని పురి విప్పడం మొదలుపెట్టాడు. ఆయన మనసులో ఏదన్నా దాచుకున్నప్పుడు చేతులు ఊరుకోవు. పాతికేళ్ళ కాపురంలో ఆ మాత్రం ఆమెకు తెలుసు.

"అక్క ఫోన్ చేసి ఏడ్చింది," అన్నాడు చివరికి. "‘మా ఆయన మీద నిలబడటానికి మా తమ్ముడి పెళ్ళామే దొరికిందా’ అని."

"వదినగారు నాకు చెయ్యలేదే?"

"నీకు చేస్తే వింటావా?" ఆయన తల ఎత్తలేదు. "మూడింటిలోపల పోయి సంతకం పెట్టెయ్యి రాజ్యం. ఈ గొడవంతా పోద్ది. నీకు దణ్ణం పెడతా."

పెళ్ళాడిన మనిషి దణ్ణం పెడతానంటే కోపం చల్లారాలి. రాజ్యలక్ష్మికి మాత్రం ఏడుపొచ్చింది. నిలబడమని ఇంటికొచ్చి బతిమాలిన వాళ్ళలో ఒక్కడు కూడా ఇవాళ బయట లేడు. ఉన్నవాళ్ళు వీడియో తీస్తున్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆమెకు పక్కన భర్త కూడా ఒక గొయ్యి తవ్వుకుని కూర్చున్నట్టుంది.

బయట ఆడవాళ్ళ గొంతులు వినబడ్డాయి. చర్చి బజారు నుంచి ఐదారుగురిని వెంటబెట్టుకుని దయామణి వచ్చింది. ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతుంది. రాజ్యలక్ష్మి పేరు ప్రతిపాదిస్తూ నామినేషన్ మీద సంతకం పెట్టింది ఆమే. రాజ్యలక్ష్మి గబగబా అరుగు దిగి రోడ్డు మీదికి వెళ్ళింది.

"అక్కా, వద్దులే ఇదంతా," అన్నది దయామణి మెల్లగా. "పెద్దాయన ఈ వయసులో అట్టా కూర్చోనుంటే మాకే బాలేదు. మా వాళ్ళకి నేను సర్దిచెప్తా. నువ్వు గెలిచినాక చూద్దాం అరుగుల సంగతి."

"నువ్వు కూడానా!" రాజ్యలక్ష్మి గొంతు లేచింది. "గెలిచినాక చూద్దాం, గెలిచినాక చూద్దాం... ఆ మాట వినీ వినీ విసుగుపుట్టే గదా మనం నామినేషన్ వేసింది! మళ్ళీ అదే మాట నా చేతే అనిపిస్తావేంది?"

దయామణి నొచ్చుకుని చూపు తిప్పుకుంది. మంచికి పోయిన మనిషిని అనవసరంగా కసిరానని రాజ్యలక్ష్మికి తెలుసు. ఎవరిమీదో కోపం ఇంకెవరిమీదో పడుతోంది పొద్దుటి నుంచీ.

"ఏమ్మాయ్, ఇట్రా," అని పిలిచాడు బ్రహ్మయ్య. పిలిచింది దయామణిని. "మా కోడలు నిన్న ఏమన్నదో ఉన్నదున్నట్టు చెప్పు."

"‘ముందు మా అరుగే తీయిస్తా’ అన్నది పెద్దయ్యా."

"ఇంట్లో అడిగి చెప్తా అన్లా?"

"అన్లేదు."

"చూద్దాం, చేద్దాం అని నసిగిందా?"

"లేదు పెద్దయ్యా. గట్టిగానే అన్నది."

బ్రహ్మయ్య గ్లాసులో మిగిలిన కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, పైపంచెతో మూతి తుడుచుకున్నాడు.

"తనది కాని సరుక్కి బేరం ఒప్పుకుంది. తప్పు. చానా పెద్ద తప్పు," అన్నాడు. అన్ని రోజుల తర్వాత కోడలి గురించి ఆయన పెదవి విప్పడం అదే. "అయితే ఏం జేస్తాం? ఈ కొట్టు మనిషి నోట్లోంచి వచ్చింది గాబట్టి అది కొట్టు మాట. ఒకసారి గుమాస్తా నోరుజారి తక్కువ ధర చెప్తే, ఆ ధరకే గోతాలు ఎత్తిచ్చి పంపించినోణ్ణి నేను. కోడలి మాటకి లేదంటానా? మాటిచ్చాక సరుకివ్వాలి. నష్టం ఎవరిదో తర్వాత ఇంట్లో కూర్చుని తేల్చుకుంటాం."

"నాన్నా!" గుమ్మంలోంచి కేక పెట్టాడు పాండురంగారావు.

"నువ్వాగరా." పెద్దాయన మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. రాజ్యలక్ష్మి వెళ్ళి చెయ్యి పట్టుకుంది. ఆయన విదిలించుకోలేదు. కోడలి చెయ్యి పట్టుకునే రోడ్డు మీదికి దిగి, డ్రైవరు వైపు చూసి తల ఊపాడు. "ఊఁ, లేపు. గోడ జాగ్రత్త."

ఇంజను మోగింది. మాచర్ల బండలు ఒక్కొక్కటీ మూలుగుతూ లేచాయి. ఆయన కూర్చున్న బండ, రైతులు కూర్చుని మోకును రెండు చేతులా లాగి చూసుకునే బండ, రాజ్యలక్ష్మి కొత్తకోడలిగా కుడికాలు పెట్టిన బండ, అన్నీ రోడ్డు పక్కన కుప్పపడ్డాయి. కింద నుంచి లేచిన కంపుకు వీడియోలు తీసేవాళ్ళు ఒక చేత్తో ముక్కు మూసుకుని రెండో చేత్తో తీశారు. నల్లటి అడుసు, ప్లాస్టిక్ కవర్లు, ఎప్పటివో చెప్పులు. పై నుంచి ఆగిపోయి ఉన్న మురుగునీరు దారి దొరికిందని ఒక్కసారిగా ముందుకు దూకింది.

దూకి, నాలుగు బారలు పోయి, ఆగిపోయింది.

పక్కనే కోటి కొట్టు అరుగు. దాని కింద కాలవ నోట్లో ఇటుకలు, సిమెంటు. నీళ్ళు ఆ గోడకి కొట్టుకుని వెనక్కి తిరిగి, ఇప్పుడు పాండురంగారావు కొట్టు ముందే మడుగు కట్టాయి. ఇంత చేసి సాధించింది ఏమిటంటే, అరుగు పోయి కంపు మిగిలింది.

జనం గొల్లుమన్నారు. "అయిపోయిందా అభివృద్ధి?" అన్నాడు ఇందాకటి గొంతువాడే. రాజ్యలక్ష్మికి భూమిలోకి పోవాలనిపించింది. నిన్న చప్పట్లు కొట్టించుకున్న మాటకు ఇవాళ ఇదీ ఫలం. ఒక్క అరుగు తీస్తే కాలవ పారదని ఆమెకు తట్టలేదు. చర్చి బజారులో చప్పట్లు కొట్టినవాళ్ళకీ తట్టలేదు.

చర్చి బజారు ఆడవాళ్ళలో అందరికన్నా పెద్దది సలోమి. ఆమె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే కాలవలోకి వంగి చూసి, నిదానంగా అన్నది.

"మిషను ఎట్టాగూ వచ్చింది గదయ్యా. రెండడుగులు ముందుకి జరపమనండి."

నవ్వులు ఆగిపోయాయి. సెల్‌ఫోన్లన్నీ మెల్లగా పక్క కొట్టు వైపు తిరిగాయి.

అప్పటిదాకా కోటి తన కొట్టు బల్ల మీద కూర్చుని ఈ తమాషా అంతా సినిమా చూసినట్టు చూస్తున్నాడు. ఇప్పుడు దిగ్గున లేచి అరుగు మీదికి వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, మెళ్ళో కొత్త కండువా.

"ఏయ్, బండి ఆపు! ఎవరు జరపమన్నారు నిన్ను?"

"మీరు పిలిపించిన మిషనే గదండీ కోటిగారూ," అన్నారెవరో జనంలోంచి. "పక్కింటికొచ్చిన చుట్టం మీ ఇంటికి రాకూడదా?"

డ్రైవరు ఇంజను ఆపలేదు, బండి కదపలేదు. కోటి మొహం ఎర్రబడింది. తను తీసిన గోతి అంచున తనే నిలబడ్డానని తెలిసిన మనిషి ఏదో ఒకటి పట్టుకోవాలి. కోటి బామ్మర్దిని పట్టుకున్నాడు.

"ఏంది పాండూ ఇది? నువ్వు నాకిచ్చిన మాటేంది, ఇక్కడ జరుగుతున్నదేంది? చెల్లెమ్మకి చెప్పావా లేదా అసలు?"

పాండురంగారావు గుమ్మంలో వేలాడుతున్న మోకు కొస పట్టుకుని పురి విప్పసాగాడు.

"చెప్పలా? అయితే నేనే చెప్తా. ఆదివారం మా ఇంట్లో, మీ అక్క ముందర, అన్నం తిన్న చెయ్యి కడక్కముందే ఏమన్నావు? ‘గడువు దాకా ఆగు బావా, మా ఆవిడ చేత విత్‌డ్రా చేయించే పూచీ నాది’ అన్లా?"

రాజ్యలక్ష్మి భర్త వైపు చూసింది. ఆదివారం. ఆ రాత్రి ఆయన ఇంటికొచ్చి, ఆమె పక్కన కూర్చుని కరపత్రాలు మడతపెట్టాడు. ఫొటో బాగా వచ్చింది రాజ్యం అన్నాడు. సోమవారం పొద్దున స్కూటరు మీద ఎక్కించుకుని ప్రచారానికి దింపింది కూడా ఆయనే. ఎండగా ఉంది, గొడుగు పట్టుకెళ్ళు అని కూడా చెప్పాడు.

"అన్నావా?" అని అడిగాడు బ్రహ్మయ్య కొడుకుని.

"అన్నాను నాన్నా. అక్క అట్టా ఏడుస్తా ఉంటే..."

"ఆదివారం గదా. కోడలు మాటిచ్చింది నిన్న." పెద్దాయన కళ్ళు మూసుకుని, సరుకు తూకం చూసుకున్నట్టు, లోపల్లోపల ఏదో సరిచూసుకున్నాడు. తప్పుడు తూకం తూచడం ఆయనకు చేతకాదు, కొడుకు వైపైనా, కోడలి వైపైనా. "అయితే నీ బేరమే ముందు. ముందు బేరం ముందు. కొట్టు ధర్మం అది."

"అదీ మామయ్యగారూ! పెద్దరికమంటే అదీ!" కోటి గొంతులోకి ప్రాణం తిరిగొచ్చింది.

రాజ్యలక్ష్మి మాట కోసం అరుగు దిగొచ్చిన మనిషి, అదే నోటితో ఆమె కాళ్ళ కింద నేల లాగేశాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రావడం లేదు. ఆయన ఒకే తక్కెడ పట్టుకుని ఉన్నాడు పాపం. ఆ తక్కెడ పళ్ళెంలోకే తనను ఎత్తి పెట్టారు.

"మామయ్యగారూ," అన్నది. "అరుగు నాది కాదు. నాది కానిది ఇస్తానన్నాను. తప్పన్నారు, తల వంచాను. మరి ఈయన ఇచ్చింది ఎవరి సొత్తు? నామినేషన్ వేసింది నేను. ఎండలో తిరిగింది నేను. రేపు గెలిచినా ఓడినా మాటపడేది నేను. నన్నడక్కుండా నన్ను బేరం పెట్టడానికి నేనేమన్నా ఈయన కొట్టులో సరుకునా?"

డ్రైవరు తనంతట తనే ఇంజను ఆపేశాడు.

ఇన్నేళ్ళ వ్యాపారంలో అలాంటి తగువు బ్రహ్మయ్య ముందుకు రాలేదు. అలవాటు కొద్దీ కూర్చోవడానికి వెనక్కి తిరిగి చూశాడు. కూర్చునే చోటు కుప్పలో ఉంది.

పాండురంగారావు గుమ్మం అంచుకి వచ్చాడు. అటు ఇల్లు, ఇటు రోడ్డు, మధ్యలో తెరుచుకున్న కాలవ. ఆయన వంగి, పెళ్ళాం వైపు చెయ్యి చాపాడు.

"దాటి రా రాజ్యం. లోపల కూర్చుని మాట్లాడుకుందాం. అందరూ చూస్తన్నారు."

ఆ చెయ్యి పట్టుకోవాలని ఆమెకు ఎంత అనిపించిందో చెప్పలేం. పొద్దుటి నుంచీ ఎవరో ఒకరు చెయ్యి ఇస్తే బాగుండునని చూస్తూనే ఉంది. కానీ ఒకసారి లోపలికి పోతే ఏం జరుగుతుందో కూడా తెలుసు. వదినగారు వస్తుంది. ఏడుపులు, దణ్ణాలు, ఒట్లు. మూడయ్యేలోపు తన చేతనే సంతకం పెట్టిస్తారు. బలవంతంగా కాదు, జాలి పుట్టించి.

"అదుగో, అన్నయ్యగారు అక్కడే ఉన్నారు," అన్నది. "ఆదివారం ఇచ్చిన మాట ఇక్కడే, ఇందరి ముందర, వెనక్కి తీసుకోండి. అప్పుడు దాటతాను."

పాండురంగారావు బావ వైపు చూశాడు. తండ్రి వైపు చూశాడు. చాపిన చెయ్యి కాసేపు గాల్లోనే ఉండి, కిందికి దిగిపోయింది.

రాజ్యలక్ష్మి ఇంక ఆ వైపు చూడలేదు. కళ్ళు తుడుచుకుని దయామణి భుజం మీద చెయ్యి వేసింది. సంతకం పెట్టకుండా ఉండటానికి ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. మూడు దాటేదాకా ఎక్కడో ఒకచోట కూర్చుంటే చాలు.

"మూడయ్యేదాకా మీ ఇంట్లో కూర్చుంటా. పద."

దయామణి కదల్లేదు.

"మా ఇంటికా అక్కా?"

ఆ గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే అడిగింది. ఏళ్ళ తరబడి ఆ బజారుకి వస్తూ పోతూ ఉంది రాజ్యలక్ష్మి. చర్చి ముందు కుర్చీ వేస్తే కూర్చుని అందరి కష్టాలూ విన్నది, అర్జీలు రాసిపెట్టింది. ఓట్లడగడానికి ప్రతి గుమ్మం ముందూ ఆగి దణ్ణం పెట్టింది. ఒక్క గడప దాటి లోపలికి వెళ్ళింది లేదు, ఒక్క ఇంట్లో మంచినీళ్ళు తాగింది లేదు. రమ్మని వాళ్ళు అనలేదు, ఎందుకు అనలేదో ఈమె అడగలేదు.

సిగ్గుతో రాజ్యలక్ష్మి చెవులు వేడెక్కాయి. భుజం మీద వేసిన చెయ్యి ఉంచాలో తియ్యాలో తెలియలేదు. సలోమి, మిగతా ఆడవాళ్ళు ఆమె మొహం వంకే చూస్తున్నారు. తను అడిగినదానికి జవాబు కోసం దయామణి ఎదురుచూస్తోంది.